రిమ్మా సరిచూసిన లెక్క

మార్చి వచ్చినా మా సైబీరియాలో ఓబ్ నది మీద మంచు ఇంకా విరగలేదు. గ్లేబ్ స్కీలు వరండాలో పడేసి, టోపీ కూడా తీయకుండా నా గదిలోకొచ్చాడు.

"ఫరీత్, నా లెక్కకి పిచ్చెక్కింది రా. చివర్న ప్లస్ రావాలి. మైనస్ వస్తోంది."

మేమిద్దరం ఒకే భౌతికశాస్త్ర సంస్థలో, సిద్ధాంత విభాగంలో పనిచేసేవాళ్ళం. విద్యుత్తులో అయితే విద్యుదావేశానికి దగ్గరయ్యేకొద్దీ దాని బలం పెరుగుతుంది; లెక్కలో ప్లస్ అంటే అదే. గ్లేబ్ పట్టుకున్నది వేరే జాతి గేజ్ క్షేత్రాలను, అంటే కణాలను పట్టి ఉంచే ఇంకో రకం బలాలను. వాటిలో బలాన్ని మోసే కణాలకు కూడా ఆవేశం ఉంటుంది. వాటి లెక్కల్లో రెండు రాశులను గుణించేటప్పుడు ఏది ముందు, ఏది వెనక అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. ఆ క్షేత్రాల్లో దగ్గరికి పోయేకొద్దీ బలం సన్నగిల్లుతోందని వాడి మైనస్ చెప్పింది. అలాంటిది అప్పటికి మేమెవరమూ వినలేదు.

సెమినార్‌లో మా విభాగం పెద్దాయన ఇన్నొకెంతి పావ్లవిచ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "దగ్గరయ్యేకొద్దీ పట్టు సడలేది పెళ్ళిళ్ళలో నాయనా, ప్రకృతిలో కాదు. పోయి మీ ఆవిడకి చూపించు."

అది వెక్కిరింతే అయినా మంచి సలహానే. గ్లేబ్ భార్య రిమ్మా మా విభాగంలోనే పనిచేసేది. ఆమె చేతిలో లెక్క తప్పడం మేమెవరమూ చూడలేదు. ఇన్నొకెంతి పావ్లవిచ్ కూడా తన కాగితాలు ఆమె చూశాకే అచ్చుకి పంపేవాడు.

వారం పట్టింది ఆమెకి. ఆ ఆదివారం నేను వాళ్ళింట్లోనే పెల్మెనీ మాంసం కుడుములు తింటున్నాను.

"ప్లస్సే, గ్లేబ్" అంది రిమ్మా మెల్లగా.

"అయితే ప్లస్సే."

"అదేంటి, నువ్వొకసారి చూసుకో మరి."

"నువ్వు చూశాక నేను చూసేదేముంది?" అని వాడు నా గిన్నెలో ఇంకో గరిటెడు మీగడ వేశాడు. ఎండాకాలం రాకముందే సిద్ధాంతం వదిలేసి యాక్సిలరేటర్ వర్క్‌షాపులో వాక్యూమ్ పంపుల పనికి మారిపోయాడు. "పంపు అబద్ధం చెప్పదు రా, కారితే కారుతుంది" అని నవ్వేవాడు. నేనూ నమ్మాను, హాయిగానే ఉన్నాడని.

రెండేళ్ళు పోయాక ఒక అమెరికా భౌతికశాస్త్ర పత్రిక వచ్చింది. అందులో గ్లేబ్ మైనస్ ఉంది, వేరేవాళ్ళ పేర్లతో.

లైబ్రరీలో దాన్ని ముందు చూసింది రిమ్మాయే. తన పాత లెక్క మళ్ళీ మొదటినుంచి చేసింది. నా దగ్గరికొచ్చినప్పుడు ఆమె పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"ఒక్కచోట రెండింటినీ తారుమారు చేశాను ఫరీత్. విద్యుత్తు లెక్కల అలవాటు. అక్కడ ఏది ముందైనా ఒకటేగా." తలుపు వైపు తిరిగింది. "నాతో రా. ఒక్కదాన్నే అతనికి చెప్పలేను."

మేం వెళ్ళేసరికి గ్లేబ్ వంటింట్లో బంగాళదుంపలు చెక్కు తీస్తున్నాడు. రిమ్మా కోటు విప్పకుండానే అంతా చెప్పేసింది. వాడు దుంప చెక్కడం ఆపలేదు.

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఆ తారుమారు సంగతి. నిరుడు శీతాకాలంలో ఊరికే కూర్చుని నీ లెక్క మళ్ళీ చేస్తుంటే కనబడింది."

"నిరుడా?" ఆమె గోడకి ఆనుకుంది. "నిరుడు రాసి పంపి ఉంటే నువ్వే ముందు కదా! చెప్పలేదేం?"

"నువ్వు కుమిలిపోతావని."

"నేను కుమిలితే? ఏడిస్తే? ఏడ్చి, మొహం కడుక్కుని, నీ పక్కన కూర్చుని దాన్ని రాసేదాన్ని కాదా?"

"ఆ మైనస్ ఎవరికో ఒకరికి దొరుకుతుందిలే రిమ్మా. నువ్వు నాకు మళ్ళీ దొరకవు."

అంత ప్రేమగా ఎవరైనా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. ఆ మాటకే ఆమె మొహం ముడుచుకుపోయింది.

"నా తప్పుని నేను మోసేదాన్ని గ్లేబ్. మోయలేనని నువ్వే తేల్చేశావు. ఏడాదిపాటు నా ఎదురుగా కూర్చుని టీ తాగుతూ నన్ను చంటిపిల్లని చేశావు."

వాడు కత్తి కింద పెట్టాడు.

తరవాత గొడవలేం జరగలేదు. జరిగినా బాగుండేది. వాడు సాయంత్రాలు తొందరగా ఇంటికొచ్చేవాడు, ఆమెకిష్టమని పొగబెట్టిన చేప తెచ్చేవాడు. ఆమె తినేది, థాంక్స్ అనేది. విభాగంలో మాత్రం ఒక్క వరుస లెక్క రాస్తే నాలుగుసార్లు తుడిచేది. ఒకరోజు ఇన్నొకెంతి పావ్లవిచ్ తన కాగితాలు పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఆమె తల ఎత్తకుండా "ఇంకెవరికైనా ఇవ్వండి" అంది. ముసలాయన నిలబడి నిలబడి వెళ్ళిపోయాడు.

బిర్చి చెట్ల ఆకులు రాలే రోజుల్లో రిమ్మా దూరంగా బర్నావుల్‌లో బడిపంతులమ్మ ఉద్యోగం చూసుకుంది. రైలు కదిలేముందు గ్లేబ్ కిటికీ దగ్గర నిలబడి "చలికాలం సెలవులకి రానా?" అని అడిగాడు.

"వద్దు" అంది. చెయ్యి చాపి వాడి మఫ్లర్ సర్ది, కిటికీ మూసేసుకుంది.

తిరుగు బస్సులో వాడు వర్క్‌షాపు స్టాపు దగ్గర దిగాల్సింది, దిగలేదు. మా ఇళ్ళ దాకా వచ్చాక, మెట్ల దగ్గర ఆగి నన్ను అడిగాడు:

"ఫరీత్, గోధుమనూక ఒక్కడికైతే ఎంత పొయ్యాలి రా?"

"అరగ్లాసు" అన్నాను. సరే అని తలూపి పైకెక్కాడు.