ఇద్దరు దిద్దిన గడియారం

దగ్గరికి జరగండి తల్లీ, ఆ వెనక నిలబడ్డ అన్నలు కూడా రండి, చోటుంది. దేవుడు లోకమంతటికీ ఒకే పొద్దు ఇచ్చాడు. దాన్ని లెక్కపెట్టుకునే దగ్గరే మనకు తిప్పలన్నీ.

ఒక ఆస్పత్రిలో కంప్యూటర్ల గది. అందులో ఓ పెద్ద యంత్రం, దాని కడుపులో అద్దెకున్నట్టు నాలుగైదు ఉత్తుత్తి యంత్రాలు. వర్చువల్ మెషిన్లంటారు. ఒకే కుళాయి దగ్గర బిందెల్లా వంతు కోసం కాచుకుంటాయి. వంతు రాక కునికినప్పుడల్లా వాటి గడియారాలు కొన్ని క్షణాలు పోగొట్టుకుంటాయి. అలా పోయిన క్షణాలు ఆ పెద్ద యంత్రాన్ని పెట్టిన బీరువా అడుగునుంచి గోరువెచ్చగా కారి గచ్చు మీద మడుగు కట్టేవి. ఊడ్చే ఆవిడ తుడిచి, ఇవాళ కాస్త ఎక్కువే పోయిందమ్మా అని చెప్పి వెళ్ళేది.

ఆ యంత్రాలను చూసుకునేది ఇంకొకావిడ. ఈవిడ ఆడపడుచు అక్కడే నర్సు. ఓ మధ్యాహ్నం మొహం వేలాడేసుకుని వచ్చింది. డాక్టరు మందు రాయకముందే తను ఇంజెక్షన్ చేసేసిందని కంప్యూటర్ చెబుతోందట. సాయంత్రానికల్లా ఉద్యోగం ఊడేట్టుందట.

"వదినా, నీ యంత్రం నన్ను జోస్యం చెప్పేదాన్ని చేసింది. రాయబోయే మందు నాకు ముందే తెలుసంట."

నా యంత్రాన్ని అనకు, నీ చెయ్యే దురుసు అని వదిన అలవాటుగా దెప్పబోయి, ఆ పిల్ల కళ్ళు చూసి తెర ముందు కూర్చుంది.

డాక్టర్లు రాసేది ఒక యంత్రంలో, మందు ఇచ్చాక నర్సులు నమోదు చేసేది ఇంకో యంత్రంలో. రెండింటి గడియారాలనూ తెరమీద పక్కపక్కన పెట్టింది. కలిసే నడుస్తున్నాయి. అయినా లేవలేదు. కాసేపటికి నర్సుల గడియారం చటుక్కున వెనక్కి గెంతి, మళ్ళీ మెల్లగా ముందుకు పాకింది. వెతికితే, దాన్ని దిద్దేవాళ్ళు ఇద్దరు తేలారు, ఇద్దరూ ప్రోగ్రాములే. ఒకటి బయటి నెట్‌వర్కు నుంచి సరైన టైము తెస్తోంది. రెండోది పెద్ద యంత్రం టైమునే తెచ్చి రుద్దుతోంది. తీరా చూస్తే ఆ పెద్దదే వెనకబడి ఉంది, అందుకే ఇంజెక్షన్‌కు మందు రాసినదానికంటే ముందటి టైము పడింది. ఒకటికి రెండుంటే మంచిదే కదా అని ఆ రెండోదాన్ని పెట్టింది ఎవరో కాదు, తనే.

అయినా సూపరింటెండెంటును పిలిపించింది. ఆయనకు పరుగుల సారని పేరు. ఎవరి మాటా సగం దాటి విన్న పాపాన పోలేదు. రెండు ముక్కల్లో చెప్పమంటూనే వచ్చి మడుగులో కాలేశాడు. వెచ్చదనం బూట్లలోంచి మోకాళ్ళదాకా ఎక్కింది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మొదట్నుంచి చెప్పమ్మా."

చెప్పింది. తప్పు తనదేనని కూడా చెప్పింది. ఆయన కళ్ళముందే గడియారం మళ్ళీ గెంతింది. ఆవిడ రెండో దిద్దుబాటు ఆపింది. ఇక ఎంతసేపు చూసినా గెంతలేదు.

"ఆ అమ్మాయిని డ్యూటీకి వెళ్ళమను. నీ సంగతి రేపు చూద్దాం" అన్నాడాయన, లేవాలనిపించక అక్కడే కూర్చుని.

"ఉద్యోగం పోయుంటే మీ ఇంట్లోనే తిష్ఠ వేసేదాన్ని వదినా" అంది ఆడపడుచు, కబురు విని వచ్చి.

"అందుకేగా ఇంత తాపత్రయం" అంది వదిన, కళ్ళొత్తుకుంటూ.

మడుగు మాట మరిచినా ఫర్వాలేదు తల్లీ. తన తప్పే బయటపడుతుందని తెలిసి కూడా ఆవిడ ఆ సారును పిలిచింది చూడండి, అదొక్కటి గుర్తుంచుకోండి. అవసరం పడ్డ రోజున మీరూ పిలవండి.