మూడో వంక

పొద్దున తొమ్మిదింటికి కొరియర్ వాడు బెల్లు కొడితే అమ్మ తలుపు తీయదు. "ఒరేయ్, నీ అట్టపెట్టె వచ్చింది," అని వంటింట్లోంచే కొడుకుని కేకేస్తుంది. ఆ ఇంటికి వచ్చే పెట్టెలన్నీ వాడివే. కొత్త కంట్రోలర్లు, హెడ్‌ఫోన్లు, చేతిలో పట్టుకుని ఆడుకునే బుల్లి గేమ్ మెషిన్లు, ఇంకా బజార్లోకి రానివి. పది రోజులు వాడాలి, ఎలా ఉందో రాయాలి, మళ్లీ అదే పెట్టెలో అదే థర్మోకోల్ మధ్య పెట్టి పంపెయ్యాలి. డిగ్రీ రెండో ఏడు మధ్యలో వదిలేసి వచ్చాక వాడు చేస్తున్న పని ఇదొక్కటే.

రాసేది ఒక వెబ్‌సైట్‌కి. నచ్చినవి మూడు, నచ్చనివి మూడు ఉండి తీరాలి. అది ఎడిటర్ మేడం పెట్టిన రూలు. నచ్చినవి ఎవడూ చదవడు. నచ్చనివి చదవడానికే జనం వస్తారు, అందుకే వాడికి వంకలోడు అని పేరు పెట్టారు. ఒక కార్ల రేసు గేములో వాన దంచి కొడుతున్నా డ్రైవర్ గ్లోవ్స్ తడవట్లేదని పట్టుకున్నాడు. ఒక కంట్రోలర్ ఎడమ బటన్ కుడి దానికంటే వెంట్రుకవాసి లోతుకి దిగుతోందని రాస్తే, కంపెనీ వాళ్లు కొలుచుకుని చూసి నిజమే అన్నారు. సెకనుకి అరవై బొమ్మలు పడాల్సిన చోట యాభై ఎనిమిది పడ్డాయంటే వాడికి కంట్లో నలుసు పడ్డట్టే.

అంత కన్నున్నవాడికి ఇంట్లో నాన్న సరిగ్గా కనబడేవాడు కాదు. అది కంటి తప్పు కాదు. నాన్న అరిగిపోతున్నాడు.

నాన్న కళ్లజోళ్ల షాపులో ముప్పై ఏళ్లు అద్దాలు అరగదీశాడు. తర్వాత నాలుగు నిమిషాల్లో అద్దం కోసిచ్చే మిషన్ వచ్చింది. "కొన్నాళ్లు రెస్టు తీసుకోండి మాస్టారూ," అన్నాడు ఓనరు. ఆ రెస్టు మొదలైన వారానికి నాన్న చెవుల అంచులు పోయాయి. తర్వాత గోళ్లు. తర్వాత వేసుకున్న చొక్కా గళ్లదో చారలదో తెలీకుండా అయింది. ఏడాది తిరిగేసరికి సోఫాలో కిటికీ వైపు కాస్త మసక, అంతే. గొంతు కూడా సన్నబడింది. పక్కన కూర్చుంటే వినబడేది, ఫ్యాను రెండు మీద పెడితే వినబడేది కాదు.

దాని గురించి ఎవరూ పెద్దగా అనుకోలేదు. డాక్టరు బీపీ చూసి, "దొరికినంతవరకూ నార్మలే," అన్నాడు. మంగలి షాపాయన సగం డబ్బులే తీసుకున్నాడు. "జుట్టు ఎక్కడ ఆగిందో గాలి ఎక్కడ మొదలైందో అందట్లేదన్నా, అందాజుగా కొట్టేశా," అన్నాడు. ఇంటికొచ్చినవాళ్లు చూసుకోక మీద కూర్చోకుండా అమ్మ రోజూ ఒక ఉతికిన ఎర్ర తువ్వాలు ఆయన భుజం మీద వేసేది. ఒకటే ఉంచితే అదీ మసకబారేది.

"కదిలేటప్పుడు చెప్పి కదలండి," అనేది. "మొన్న చీపురుతో కొట్టినంత పని చేశాను."

నాన్నకి మాత్రం తన చేతులు తనకి కనబడుతూనే ఉండేవి. అద్దంలోనూ తను నిక్షేపంలా ఉండేవాడు. ఎంత అరిగాడో తెలుసుకోవాలంటే వేరేవాళ్లని అడగాల్సిందే. కొన్నాళ్లు అడిగాడు, తర్వాత మానేశాడు.

ఒక శుక్రవారం ఓనరు ఫోన్ చేశాడు. అమ్మ స్పీకర్ పెట్టింది.

"మాస్టారూ, మిషన్ అద్దం కోస్తుంది గానీ చిన్నపిల్లల ముక్కు మీద ఫ్రేము నిలబెట్టలేకపోతోంది. నా దగ్గరున్న కుర్రాళ్లు వంచమంటే విరిచేస్తున్నారు. మీ చెయ్యి కావాలి. వచ్చేవారం వదిలేసి ఆ పై సోమవారం పదింటికి రండి. ఒక్కటే మాట. మీ సంగతి విన్నాను. కౌంటర్ వెనక నిలబడితే వచ్చినవాళ్లకి కనబడాలి. కనబడితే కుర్చీ మీది."

నాన్న ఏదో అన్నాడు. అమ్మ ఫోన్ దగ్గరికి వంగి, "వస్తానంటున్నారు," అంది. తర్వాత వంటింట్లోకి వెళ్లి కొడుకుతో మెల్లిగా, "ఎలా రా?" అంది.

మర్నాడు వచ్చిన పెట్టెలో ఒక హెడ్‌సెట్ ఉంది, కళ్లకి కట్టుకునే రకం. కట్టుకుంటే చుట్టూ గేమే. పక్కన రెండుసార్లు తడితే గేము పోయి, ముందున్న కెమెరాలు మన గదినే మనకి చూపిస్తాయి, కాలికి కుర్చీ తగలకుండా. వాడు దాన్ని విప్పి అలవాటు ప్రకారం ముందు ఆటోమేటిక్ అప్‌డేట్ ఆన్ చేశాడు. ఏ వస్తువుకైనా వాడు చేసే మొదటి పని అదే. పాత వెర్షన్ మీద రాసిన అభిప్రాయం నిన్నటి పేపర్‌తో సమానం అంటాడు.

సముద్రం అడుగున తిరిగే గేము రెండు గంటలు ఆడాడు. బాగుంది. నీళ్ల బరువు భుజాల మీద తెలుస్తోంది. బరువు నుదుటి మీద పడుతోందని మొదటి వంక, ఛార్జింగ్ వైరు పొట్టిదని రెండో వంక దొరికాయి. మూడోదాని కోసం పక్కన రెండుసార్లు తట్టి, గోడ వైపు తిరిగి చెయ్యి ఊపాడు. చేతి వెనక తోక సాగింది. పాత బొమ్మ చెరగకముందే కొత్త బొమ్మ వచ్చి దాని మీద కూర్చుంటోంది. వాడికి ప్రాణం లేచొచ్చింది. అక్కడికక్కడే టైపు చేశాడు: "గది చూపించే మోడ్‌లో పాత బొమ్మలు పోవు, పేరుకుపోతాయి. ఇంత ధర పెట్టి కొన్నవాడికి ఇది అవమానం." మొదటి రోజు అభిప్రాయం మొదటి రోజే పంపాలి. పంపేశాడు.

తర్వాత హెడ్‌సెట్ తీయకుండానే సోఫా వైపు తిరిగాడు.

నాన్న ఉన్నాడు. మొత్తం ఉన్నాడు. గడ్డం కింద బ్లేడు గాటు, ఎడమ కనుబొమలో రెండు తెల్ల వెంట్రుకలు, బొటనవేలి మీద అద్దాలు అరగదీసే చక్రం ఒరిసి గట్టిపడిన కాయ. చొక్కా చారలది. వాడికి గుర్తున్న మనిషికంటే పదేళ్లు పెద్దగా ఉన్నాడు.

వాడు వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"నాన్నా, మీసం తీసేశావా?"

"ఎనిమిది నెలలైంది."

"ఎందుకు?"

"కనబడనిదాన్ని ఎవడు దువ్వుతాడు రా."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నాలయ్యాక వాడు హెడ్‌సెట్ కట్టుకుని నాన్న ఎదురుగా కూర్చునేవాడు. చూసినకొద్దీ ఆయన హెడ్‌సెట్ బయట కూడా తేరుకుంటున్నాడు. నాలుగో రోజుకి అమ్మ మామూలు కళ్లతోనే ఆయన చెయ్యి చూసి, "గోళ్లు ఎంత పెరిగాయో చూడండి, కత్తిరించుకోవచ్చుగా," అంది. అని వంటింట్లోకి వెళ్లిపోయి, చాలాసేపు పంపు విప్పి ఉంచింది.

ఆరో రోజు నాన్న చేతిలో కంట్రోలర్ పెట్టాడు. చేపలు పట్టే గేము. నాన్న అరగంట ఆడి పక్కన పెట్టేశాడు.

"ఎలా ఉంది?"

"నీళ్లు బాగున్నాయి. ఆ చేప కన్ను ఆర్పుతోందేంటి? చేపకి రెప్పలుండవు."

వాడు నాలుగుసార్లు ఆడిన గేము అది. వాడికి తట్టలేదు.

"వీడికీ బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందా అనుకుంటున్నాను ఇన్నాళ్లూ," అంది అమ్మ. "ఇద్దరూ కలిసి వంకల దుకాణం పెట్టుకోండి."

నాన్న నవ్వాడు. పళ్లు కనబడ్డాయి. ఎనిమిదో రోజుకి అమ్మ ఎర్ర తువ్వాలు మడతపెట్టి అలమర్లో పెట్టేసింది.

తొమ్మిదో రోజు ఆదివారం. అమ్మ చొక్కా ఇస్త్రీ చేస్తూ అడిగింది, అసలు ఆ డబ్బాలో ఏముందని. వాడు మంచం మీద పడుకుని చెప్పాడు.

"నాన్న ఒక్కో క్షణంలో కొంచెం కొంచెమే ఉన్నాడమ్మా. మన కళ్లు అయిపోయిన క్షణాన్ని పారేస్తాయి. ఇది పారెయ్యదు. ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతుంది. అన్నీ పేరిస్తే మనిషవుతున్నాడు."

"మంచి గుణమే కదరా."

వాడు లేచి కూర్చున్నాడు. తను రాసిన వాక్యం అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. ఎడిటర్‌కి ఫోన్ చేశాడు.

"మేడం, హెడ్‌సెట్ మీద రాసింది, ఆ మూడో వంక తీసెయ్యండి."

"ఆదివారం కూడా వంకలేనా బాబూ? అది కంపెనీకి ఎప్పుడో వెళ్లిపోయింది. వాళ్లు నీకు థాంక్స్ చెప్పారు తెలుసా? వాళ్ల ఇంజినీర్లకి కూడా దొరకలేదట. ఇవాళే సరిచేసి అప్‌డేట్ పంపిస్తున్నారు."

ఫోన్ పెట్టకుండానే గదిలోకి పరిగెత్తాడు. హెడ్‌సెట్ బల్ల మీద ఛార్జింగ్‌లో ఉంది. వైరు పీకేశాడు. వై-ఫై కట్టేశాడు. తలకి కట్టుకునేసరికి లోపల చిన్న అక్షరాలు వచ్చాయి: మీ సూచనకి ధన్యవాదాలు, సమస్య తొలగించాం.

పక్కన రెండుసార్లు తట్టి చెయ్యి ఊపాడు. తోక లేదు. శుభ్రంగా ఉంది బొమ్మ. హాల్లోకి వచ్చి చూశాడు. సోఫా, కిటికీ, కర్టెన్ అంచున కుట్టు ఊడిన చోటు, అన్నీ కడిగినట్టున్నాయి. నాన్న లేడు. ఇదివరకు ఉండే మసక కూడా లేదు.

గబగబా తీసేశాడు. నాన్న ఇంకా ఉన్నాడు, పేపరు చూస్తున్నాడు, కానీ చెవుల అంచులు లేవు. ఆ ఒక్క చూపుకే పోయాయి. వాడు దాన్ని థర్మోకోల్‌లో కుక్కి, పెట్టె మూసి, టేపు మీద టేపు వేశాడు. అప్పటికే మొదలైంది ఆగలేదు. సాయంత్రానికి గోళ్లు పోయాయి. దీపాలు పెట్టేవేళకి చారలు పోయాయి. అమ్మ, వాడు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకుండా అన్నం తిన్నారు. నాన్న హుషారుగా ఉన్నాడు. ఫ్రేము వంచే పట్టకారు ఎక్కడ పెట్టావని అమ్మని రెండుసార్లు అడిగాడు. రెండోసారి అడిగింది ఆమెకి వినబడలేదు.

సోమవారం పొద్దున హాలు ఖాళీగా ఉంది. సబ్బు వాసన మాత్రం వచ్చింది.

"ఎలా ఉన్నాను?" అంది గొంతు, వాడి చెవి పక్కనే.

నచ్చనిది చెప్పడానికి ఏనాడూ తడుముకోనివాడు. కంపెనీలకి కంపెనీలనే కూర్చోబెట్టి కడిగినవాడు. నోరు తెరిచాడు.

"బాగున్నావు నాన్నా."

"కనబడుతున్నానా?"

"బ్రహ్మాండంగా."

"ఎందుకైనా మంచిది, తువ్వాలు వేసుకోనా?"

"షాపుకి తువ్వాలేంటి, ఏం బాగుంటుంది."

అమ్మ గుమ్మం వైపు చూస్తూ, "జాగ్రత్తగా వెళ్లిరండి," అంది. ఆమె వెనక నుంచి చెప్పుల చప్పుడు వచ్చింది.

పన్నెండింటికి ఓనరు ఫోన్ చేశాడు.

"ఏంటి బాబూ, మీ నాన్న రానే లేదు? పదకొండున్నర దాకా చూశాను. రాకపోతే రానని చెప్పాలి కదా. ఆ కుర్చీ ఇంకొకళ్లకి ఇచ్చేశాను."

వాడు బస్సు కోసం ఆగకుండా పరిగెత్తాడు. షాపులో ఏసీ హోరుమంటోంది. మిషన్ గుర్రుమంటోంది. కౌంటర్ దగ్గర ఆరుగురు, గోడ వారగా పొడుగాటి బెంచీ మీద ఇద్దరు. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ. వాడు ఆ ఖాళీ మీద అరచెయ్యి పెట్టబోయాడు. అంతలో ఒకావిడ పిల్లని చంకనేసుకుని వచ్చి అక్కడ కూర్చోబోయింది.

"అక్కడ కూర్చోకండి అమ్మా."

"ఎవరున్నారు?"

"మా నాన్న."

ఆవిడ "అయ్యో, చూసుకోలేదు," అని అవతలికి జరిగి నిలబడింది. ఓనరు కౌంటర్ మీంచి తల ఎత్తి చూశాడు. "పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నారా? ఒక మాట అనొచ్చు కదా మాస్టారూ," అన్నాడు బెంచీ వైపు, నొచ్చుకుంటూ.

ఒక మాట కాదు, నాన్న ఎన్ని మాటలు అని ఉంటాడో. కౌంటర్ ముందు నిలబడి, ఈ ఏసీ హోరులో, ఓనరు తన వైపే చూస్తూ కూడా పలకట్లేదనుకుని ఉంటాడు. ముప్పై ఏళ్ల చాకిరీకి ఇదా అనుకుని, అయినా వచ్చి బెంచీ మీద కూర్చుని, పిలుస్తారని చూస్తూ ఉంటాడు. కనబడుతున్నవాడు కదా మరి. కొడుకు చెప్పాడు.

వాడు బెంచీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నాన్నా, నేను అబద్ధం చెప్పాను. ఓనరు తప్పు లేదు. నువ్వు కనబడట్లేదు. నిన్నటి నుంచే కనబడట్లేదు. తేరుకున్న రూపు పోయింది కూడా నా వల్లే, నేను రాసినదాని వల్లే. ఇంటికి పోదాం, వేరేది ఏదో ఒకటి చూద్దాం."

కౌంటర్ దగ్గర మాటలు ఆగాయి. ఓనరు చెయ్యెత్తితే కుర్రాడు మిషన్ ఆపాడు. అందరూ చెవులు రిక్కించారు. బెంచీ మీద ఏమీ కదల్లేదు. వాడు చెయ్యి చాపి తడిమాడు, ఈ చివర నుంచి ఆ చివరకి. రెక్సిన్ ఒకచోట వెచ్చగా ఉంది.

వెనకాల అద్దాల తలుపు తెరుచుకుంది. కొంచెంసేపు అలాగే ఆగి, మెల్లిగా మూసుకుంది.

వాడు బయటికి ఉరికాడు. మధ్యాహ్నం బజారు. ఎడమ పక్క జనం, కుడి పక్క జనం, స్కూటర్లు, పళ్ల బండి. "నాన్నా," అని ఒకసారి అరిచాడు. ఎవరెవరి నాన్నలో నలుగురైదుగురు తిరిగి చూశారు.

ఎడమ వైపుకి నడిచాడు. పది అడుగులు వేశాక రెండు చేతులూ బారగా చాపాడు, ఫుట్‌పాత్ ఎంత వెడల్పుంటే అంత. ఎదురొచ్చేవాళ్లు పక్కకి తప్పుకున్నారు, కొందరు తిట్టుకున్నారు, ఒకాయన "తాగావా?" అన్నాడు. ఒక్కొక్కళ్లు తగిలినప్పుడల్లా వాడు ఆగి మొహం చూశాడు. అందరికీ మొహాలున్నాయి. వాడు చేతులు దించకుండా నడుస్తూనే ఉన్నాడు.