దాటకూడని పాయ

"నిజం చెప్పయ్యా, పిల్ల దక్కలేదు కదూ? అంతా కలిసి నా దగ్గర దాస్తున్నారు," అంది గేందాబాయి, ఓంకారేశ్వర్ రేవు మెట్లు దిగుతూనే.

"బాగానే ఉందని అల్లుడు పది రోజులుగా చెబుతున్నాడు కదే," అన్నాడు మొగుడు బాలారాం, భుజం మీది మూట దించుతూ.

"మరి రుక్మ ఫోనెందుకు తీసుకోదు?"

రుక్మకు రెండు కాన్పులు నిలవలేదు. మూడోదైనా నిలవాలని, నర్మదమ్మ చుట్టూ పరిక్రమ నడిచొస్తామని తల్లి మొక్కింది. "నడక తర్వాతైనా నడవచ్చు, కాన్పుకి నువ్వు దగ్గరుండమ్మా," అని రుక్మ ఎంత బతిమాలినా వినలేదు. మొక్కు ఆలస్యమైతే ఏం మూడుతుందోనని భయం. కార్తీకంలో బయలుదేరారు. దారిలో ఉండగానే, నెల ముందే నొప్పులొచ్చాయి.

రుక్మ అత్తవారిల్లు ఎదురుగా లంక మీదే. పరిక్రమలో ఉన్నవాళ్లు నదిని ఎక్కడా దాటకూడదు, మధ్యనున్న ఈ పాయైనా సరే. దాటితే నడిచిందంతా నీళ్లపాలే. అటునుంచి పచ్చి బాలింతను పడవెక్కించరు.

కాన్పయి ఇవాళ్టికి పదకొండో రోజు. గంగపూజకని రుక్మను ఆడవాళ్లు అవతలి రేవుకు తీసుకొచ్చారు. ఆమె చేతుల్లో ఎర్రగుడ్డ చుట్టిన మూట ఉంది. అది కదులుతోందో లేదో ఇక్కణ్ణుంచి కంటికి ఆనడం లేదు.

"రుక్మా! పిల్ల ఎలా ఉందే?"

రుక్మ తలెత్తి చూసింది. మళ్లీ మూట మీదికి వంగింది.

"ఎక్కు మైయా, రెండు తెడ్లు వేస్తే అవతలున్నట్టే," అన్నాడు పడవవాడు మాంగీలాల్. "నేనెవరికీ చెప్పనులే."

"నర్మదమ్మకి కళ్లు లేవా?" అని కసిరింది గేందాబాయి. కసురుతూనే ఆఖరి మెట్టు దాకా దిగింది. పడవ అంచు చేతికందింది. బాలారాం చుట్ట వెలిగించుకుని నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు.

"నామీద కోపముంటే తర్వాత తిట్టుకో! ఒక్కమాట చెప్పవే తల్లీ! ఉందా, లేదా?"

అవతల పసుపు కుంకుమలు వేశారు, దీపం వదిలారు. ముత్తయిదువలు ఒక పాటంతా పాడేశారు. గేందాబాయి కుడికాలు పడవలో పెట్టబోయింది.

"అమ్మా!" రుక్మ గొంతు నీళ్ల మీదుగా ఖంగున వచ్చింది. "నోరేసుకుని ఊరంతా లేపుతావా? దీన్ని నిద్రపుచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది! ముందా పాచిమెట్టు మీంచి వెనక్కి జరుగు, జారి చస్తావు!"