వేరుతో సహా

స్వాతంత్ర్యం వచ్చిన రెండో ఏడు, కోర్సులన్నీ తిరగరాసి పంపమని పైనుంచి ఉత్తరం వచ్చింది. నరసరావుపేటలోని ఆ చిన్న కాలేజీలో జీవశాస్త్ర శాఖ అంటే ఇద్దరే మనుషులు: వృక్షశాస్త్రం చెప్పే ధనుంజయరావు, జంతుశాస్త్రం చెప్పే బ్రహ్మయ్య. బ్రహ్మయ్య వయసులో చిన్నవాడు, పనిలో చురుకైనవాడు. ఏ ఏడు ఏ పేపరు ఉండాలో, ప్రాక్టికల్స్‌కి ఎన్ని గంటలో చకచకా తేల్చేశాడు. ఒక్క వాక్యం దగ్గర మాత్రం కలం ఆగింది.

‘డిగ్రీ కోరు ప్రతి విద్యార్థియు స్వయముగా సేకరించిన మొక్కలను, వేరుతో సహా, ఎండబెట్టి అట్టలకు అతికించి సమర్పించవలెను. లేనిచో పరీక్షకు అనుమతింపరు.’

కాలేజీ పెట్టిన కొత్తలో ధనుంజయరావు తన చేత్తో రాసిన వాక్యం అది.

“ఇది తీసేద్దాం మాస్టారూ,” అన్నాడు బ్రహ్మయ్య, ఆయన ముఖంలోకి చూడకుండా. “మైక్రోస్కోపులు వస్తున్నాయి. మనం ఇంకా ఆకులు ఆరేసుకుంటూ కూర్చుంటే వాల్తేరు యూనివర్సిటీవాళ్లు నవ్వుతారు.”

మైక్రోస్కోపులు ఒక సాకేనని ధనుంజయరావుకు తెలుసు. దసరా సెలవుల్లో బెల్లంకొండ దగ్గర పాత రాళ్లగనిలో నిలిచిన నీళ్లలో బాలకోటయ్య అనే విద్యార్థి మునిగిపోయాడు. మొక్కల కోసమే వెళ్లి ఉంటాడని కాలేజీలో అందరూ అనుకున్నారు. ఆయన ముందు ఎవరూ అనలేదు.

తీసేయాలి. అందులో సందేహం లేదు. కాని తీసేస్తే, అది లేకుండా కూడా డిగ్రీ ఇవ్వవచ్చునని ఒప్పుకున్నట్టే. అంటే లేకపోయినా జరిగిపోయే దానికోసం ఆ కుర్రవాడు పోయాడు. ఉంచితే ఆ చావుకు కాస్తో కూస్తో అర్థం మిగులుతుంది. ఆ అర్థం నిలవడానికి ఏటేటా ఇంకొందరు పిల్లలు నీళ్లలోకి దిగాలా? తన మనసు ఇలా బేరమాడుతుంటే ఆయనకు తన మీదే రోత పుట్టింది.

“రేపు చూద్దాం,” అన్నాడు. నిన్న కూడా అదే అన్నాడు.

అప్పుడే గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని, బాలకోటయ్య తండ్రినని చెప్పాడు. రాళ్లు కొట్టే పెదకోటయ్య. కూర్చోమంటే కూర్చోలేదు.

“ఒక్క మాట అడిగి పోదామని వచ్చా బాబుగారూ. మావోడు ఇక్కడ ఏమన్నా తప్పుపని చేశాడా? తలెత్తుకోలేని పని?”

“లేదు. మంచి విద్యార్థి.”

“అయితే నావల్లే.”

ఏమిటన్నట్టు చూశాడు ధనుంజయరావు.

“చొక్కా మడిచి రాయిమీద పెట్టాడు బాబూ. జారి పడ్డోడు చొక్కా మడిచిపెడతాడా? ఆ పొద్దున నేనే తిట్టా. సెలవుల్లో నాలుగు రాళ్లు మొయ్యకుండా ఆకులూ అలములూ ఏరుకుంటా తిరుగుతున్నాడని, పోయి ఏ గుంటలోనన్నా దూకరా అన్నా. దూకాడు. మా ఆడది అప్పట్నుంచీ నాతో పలకదు. కూడు పెట్టుద్ది, మొగం చూడదు.”



“ఆ గుంటలో ఏమున్నాయి?” అని అడిగాడు ధనుంజయరావు.

“ఏముంటయ్? కలవపూలు. చానా ఉన్నయ్.”

“పూవు గట్టునుంచే అందుతుంది. వేరు కావాలంటే బురదలోకి దిగాలి. వేరు లేకపోతే మేము తీసుకోం, పరీక్షకు రానివ్వం. చొక్కా తడవకూడదని మడిచి పెట్టాడు. తిరిగి తొడుక్కుందామనే.”

“వేరెందుకు బాబూ?”

“వేరు లేనిదే మొక్క సంగతి పూర్తిగా తెలియదు.” ఏళ్ల తరబడి క్లాసులో చెప్పిన జవాబే చెప్పాడు ధనుంజయరావు.

పెదకోటయ్య గోడకు ఆనుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. “అయితే నా మాటకి కాదు,” అని తనలో తను అనుకున్నాడు. అతని ముఖంలో ఏదో ముడి సడలింది. ధనుంజయరావు అటు చూడలేక చిత్తుకాగితాల వైపు తిరిగాడు.

బ్రహ్మయ్య ఓదార్చబోయాడు. “ఇకమీదట ఆ రూలు ఉండదులే. తీసేస్తున్నాం.”

“తీసెయ్యమాకండి బాబూ,” అన్నాడు పెదకోటయ్య కంగారుగా. “అసలు అట్టాంటి రూలే లేదంటారు ఊళ్లో. నేను అల్లి చెప్పాననుకుంటది మా ఆడది రత్తమ్మ.”

ధనుంజయరావు కలం తీసుకుని ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాడు.

“పద. నేనే వచ్చి చెబుతాను.”

సత్తెనపల్లి దాకా బస్సు, అక్కడినుంచి బెల్లంకొండకు రైలు. దారి పొడుగునా పెదకోటయ్య కొడుకు సంగతులే చెప్పాడు. చిన్నప్పుడు మట్టి తినేవాడట. ఉరుమంటే భయమట. ఇన్నాళ్లకు కొడుకు పేరెత్తే ధైర్యం వచ్చినవాడిలా చెప్పుకుపోతున్నాడు. ధనుంజయరావు ప్రతి మాటా విన్నాడు.

రత్తమ్మ చూరు కింద కూర్చుని జొన్నలు చెరుగుతోంది. ఆయన చెప్పినంతసేపూ చేట ఆపలేదు. అంతా అయ్యాక ఆపింది.

“ఆ రూలు ఎవురు పెట్టారు?”

“నేనేనమ్మా.”

“వాడికి ఈత రాదని మీకు తెలవదా?”

“తెలియదు.”

“అడగలా?”

“అడగలేదు.”

ఆమె లేచి లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి మొగుడి ముందు పెట్టింది. “కాళ్లు కడుక్కో. పొద్దుననగా పోయావు, ఏమన్నా తిన్నావా?”

పెదకోటయ్య చెంబు అందుకోబోయి వదిలేశాడు. తలగుడ్డలో ముఖం దాచుకుని ఏడ్చాడు. కాసేపటికి తేరుకుని, “బాబుగారికి కూడా కాసిని మంచినీళ్లు…” అన్నాడు.

“ఆయన్ని ఎల్లమను,” అని ఆమె లోపలికి పోయింది.

పెదకోటయ్య సిగ్గుతో తల దించుకున్నాడు. పరవాలేదన్నట్టు అతని భుజం తట్టి ధనుంజయరావు వీధిలోకి నడిచాడు. తప్పు తనదేనని ఎవరో ఒకరు తేల్చితే గుండె తేలికపడుతుందని ఇన్ని నెలలుగా అనుకున్నాడు. తేలికపడలేదు. ఊరు దాటాక దాహం వేసింది. రైలుకింకా చాలా పొద్దుంది.