కిందివాటా చెమ్మ

ఇంటాయన గర్వపడే సంగతులు చాలానే ఉన్నా, అన్నిటిలోకీ పెద్దపీట ఆ ఇంటి నీళ్ల పైపులదే. ఇల్లు కట్టే రోజుల్లో ప్లంబరు పక్కన ఎండలో నిలబడి, ప్రతి ముక్కా తనే ఎంచి, తనే కొలిచి, చివరికి ఆ ప్లంబరు చేతిలోంచి పానా లాక్కుని తనే బిగించాడు. ఆ ప్లంబరు మళ్లీ ఆ వీధి ఛాయలకు రాలేదు. అప్పటినుంచీ ఆ ఇంట్లో గోడ తడిసినా, నేల తడిసినా, పైపు కారిందని మాత్రం ఎవరూ అనకూడదు. వాన జల్లు కొట్టి ఉండాలి, లేదా ఎవరో నీళ్లు ఒలకబోసి ఉండాలి, అదీ కాకపోతే చూసినవాళ్ల కళ్లలో లోపమై ఉండాలి.

ఇంటావిడ ఈ కారణాలతోనే కాపురం నెట్టుకొచ్చింది. పైవాటా వంటింట్లో, సింకు కింద, ఒక బకెట్టు ఉంటుంది. అందులో చుక్క చుక్కగా నీళ్లు పడుతూంటాయి. నిండాక తీసి మొక్కలకు పోస్తుంది, ఖాళీది మళ్లీ పెడుతుంది. పొరుగూరు వెళ్లినా మనసు ఆ బకెట్టు మీదే ఉంటుంది. దాన్ని ఆవిడ ఎన్నడూ కష్టమనుకోలేదు. వంట చేయడం, ఇల్లు ఊడవడం ఎలాగో, అదీ అలాగే తన వంతు పని అనుకుంది.

కిందివాటాలోకి టైలరమ్మ దిగాక ఆ అనుకోవడం కాస్త అటూ ఇటూ అయింది.

టైలరమ్మ భర్త లారీ మీద దూరాలు తిరుగుతాడు. నెలలో సగం రోజులు ఇంటిపట్టున ఉండడు. బడికెళ్లే కూతురు, కుట్టుమిషను, ఒక కత్తిరింపుల బల్ల, ఇదీ ఆవిడ సంసారం. ముందుగదే దుకాణం. గోడ వెంట తాడు కట్టి, కుట్టిన బట్టలన్నీ దానికి తగిలిస్తుంది. బడిపిల్లల యూనిఫాములు, ఆఫీసు ప్యాంట్లు, ఎవరివో కిటికీ తెరలు. వచ్చినవాళ్లు అన్నీ చూసి, మెచ్చుకుని, తమవి పట్టుకెళ్తారు. వీధిలో ఎవరిని కదిపినా "పచ్చగేటు ఇంట్లో టైలరమ్మ" అంటే చేయి పెట్టి చూపిస్తారు. ఆ గది నుంచి కదిలితే ఆ పేరంతా మళ్లీ మొదటినుంచి సంపాదించుకోవాలి.

ఆ గోడకే చెమ్మ పట్టింది. ముందు అరచేతి మేర నల్లబడింది. తర్వాత పైనుంచి కిందికి జారింది. ఒక ఉదయం, తాడుకున్న తెల్లచొక్కాల వరుస మొత్తానికి వీపు మీద పసుపు మరకలు దిగాయి. టైలరమ్మ సొంత గుడ్డతో వాటన్నిటినీ తిరిగి కుట్టి ఇచ్చి, చేతులు కడుక్కుని, మెట్లెక్కి పైకొచ్చింది.

"బాబాయిగారూ, ముందుగది గోడలో పైపు కారుతోందండి. బట్టలు పాడవుతున్నాయి. మీరు బాగు చేయించాలి."

అంతే. నవ్వులేదు, నసుగుడు లేదు, ఏమీ అనుకోకండి అన్న బతిమాలుకోడం లేదు. వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడ్డ ఇంటావిడ నోరు తెరిచి అలా చూస్తూ ఉండిపోయింది. తను ఆయనతో ఏం చెప్పాలన్నా "మీకు వీలైతే" అని మొదలుపెట్టి "పోనీలెండి" దగ్గర ఆపేస్తుంది. ఈ అమ్మాయి అలా మొదలుపెట్టిందీ లేదు, అలా ఆపిందీ లేదు. చెప్పి ఊరుకుంది. ఆ ఊరుకోవడం చూస్తే ఇంటావిడకు ముచ్చటేసింది.

"మా పైపా? కారడమా?" అని ఇంటాయన నవ్వాడు. "నువ్వు బట్టలు తడివే తగిలించి ఉంటావమ్మాయ్." అయినా పెద్దమనసు చేసుకుని మర్నాడు పాత కుంచె, మిగిలిన సున్నం పట్టుకుని కిందికి దిగి, మరక మీద దట్టంగా పూసి వచ్చాడు. ఆయన ఆ చోట సున్నం పూయడం కొత్తకాదు. టైలరమ్మ రాకముందు, వాటా అద్దెకిద్దామనుకున్నప్పుడు, సరిగ్గా అక్కడే పూశాడు. పూస్తుంటే సున్నం బకెట్టు అందించింది ఇంటావిడే. ఇప్పుడు ఆ సంగతి గుర్తుకొచ్చి కూడా ఆవిడ కిమ్మనలేదు.

వారం తిరక్కుండానే సున్నం పొంగి, పెచ్చులు రాలి, మరక మళ్లీ పైకి తేలింది. టైలరమ్మ మళ్లీ వచ్చింది. అవే మాటలు, అదే గొంతు. ఆ తర్వాత ఇంకోసారి వచ్చింది. ఈసారి ఇంటాయన కుర్చీలోంచి లేచాడు.

"అంత ఇబ్బందిగా ఉంటే ఖాళీ చెయ్యి. ఇళ్లు దొరక్క తిరుగుతున్నవాళ్లు బోలెడుమంది."

 ఇక ఈ అమ్మాయి తలవంచుకుని దిగిపోతుంది అనుకుంది ఇంటావిడ. తనైతే అదే చేసేది.

"ఖాళీ చెయ్యనండి," అంది టైలరమ్మ. "అద్దె ఇళ్ల ఆఫీసుకి వెళ్లి అడిగొచ్చాను. గోడలో ఉన్న పైపు బాగు చేయించాల్సింది మీరేనట. బాగు చేయించమన్నందుకు పొమ్మనడానికి లేదట. నావల్ల పాడైందైతే నేనే చేయించాలట, అదీ చెప్పారు. మొన్న కొళాయి తిప్పి తిప్పి మా పిల్ల విరగ్గొడితే మిమ్మల్ని పిలిచానా? నేనే మార్పించుకున్నాను. ఇది మాత్రం మీదండి. చూడ్డానికి ఆఫీసునుంచి మనిషి వస్తారు. వస్తానండి బాబాయిగారూ. వస్తా పిన్నిగారూ."

అన్నేసి మాటలన్నా "అండి" అనడం మాత్రం మానలేదు. అందుకే ఇంటాయనకు తిట్టడానికి సందు దొరకలేదు. ఆవిడ దిగి వెళ్లాక అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"నాకే చట్టం చెబుతుందా! నీళ్లుంటేగా పైపు కారేది? నీళ్లే లేకుండా చేస్తాను చూడు!" అంటూ డాబా మీదికి వెళ్లాడు.

డాబా మీద ట్యాంకు కింద రెండు వాల్వులున్నాయి. ఒకటి పైవాటాకి, ఒకటి కిందివాటాకి. ఏది దేనిదో తెలియడానికి ఒకప్పుడు ఒకదానికి నీలం, ఒకదానికి ఎరుపు వేశాడు. ఆ తర్వాత గేటుకి రంగు వేయగా డబ్బా అడుగున కాస్త మిగిలితే, పారబోయడానికి చేతులు రాక, రెంటికీ ఆకుపచ్చ వేసేశాడు. వేసినవాడికి ఆ సంగతి గుర్తులేదు. కాసేపు గడ్డం నిమురుకుని, గట్టిగా ఒకదాన్ని తిప్పేసి, చేతులు దులుపుకుని దిగొచ్చి, హాయిగా స్నానానికి వెళ్లాడు.

"ఏమేవ్!" అని స్నానాలగదిలోంచి కేక వినిపించింది. "నీళ్లు ఆగిపోయాయి! కళ్లలో సబ్బు పడింది! ఏదో ఒకటి చెయ్యి!"

వంటింటి కొళాయి తిప్పితే గాలి బుస్సుమంది. సంగతేమిటో ఇంటావిడకు అర్థమైంది. నవ్వాలో ఏడవాలో తెలియక, సింకు కింది బకెట్టులో అడుగునున్న నాలుగు చుక్కలూ పారబోసి, కొంగు బిగించి కిందికి దిగింది. టైలరమ్మ గుమ్మంలో నిలబడేసరికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. నీళ్లాపడానికి పైకెక్కిన మనిషి కోసం, ఎవరికి ఆపాలనుకున్నాడో వాళ్లనే నీళ్లడగాలి.

"ఆయన ఏదో... డాబా మీద వాల్వు చూస్తుంటే..." అని నీళ్లు నమిలింది.

టైలరమ్మ పళ్లమధ్య పట్టుకున్న గుండుసూది తీసింది. పైకి చూసింది, బకెట్టును చూసింది. కళ్లలో నవ్వు దాగలేదు గానీ పెదవి దాటి రానివ్వలేదు. బకెట్టు అందుకుని, నిండా పట్టి, తనే సగం మెట్లదాకా మోసుకొచ్చింది.

"నీళ్లు మాత్రం ఎవరికీ ఆపకూడదు పిన్నిగారూ. నాకు ఆపితే ఆఫీసువాళ్లు ఊరుకోరు. మీకు ఆపితే నేను ఊరుకోను."

తనకేదైనా అయితే ఊరుకోనని అన్న మనిషి ఇంటావిడకు పుట్టి బుద్ధెరిగాక తగల్లేదు. పైమెట్టు మీద బకెట్టు దించి, కళ్లు తుడుచుకుని, అప్పుడు వెళ్లి స్నానాలగది తలుపు తట్టింది.

వాల్వు మళ్లీ తెరిచినా, సబ్బు వదిలినా, ఇంటాయన పట్టు వదల్లేదు. ఆఫీసు మనిషి వచ్చే రోజు ఉదయం భార్యను పిలిచి కూర్చోబెట్టాడు.

"ఆ గోడకి అమ్మాయి ఒక మేకు కొట్టుకుంది, తాడు కట్టడానికి. ఆ మేకే పైపుకి తగిలిందని చెబుతాను. అది కొట్టాకే చెమ్మ వచ్చిందని నువ్వు ఒక్క మాట అను, చాలు. వాళ్లవల్ల పాడైందంటే వాళ్లే చేయించుకోవాలి, లేదా పోవాలి. ఆ చట్టమేగా తను చదివి వినిపించింది!"

"సరేనండి," అంది ఇంటావిడ. అలవాటు కొద్దీ ఆ మాట దానంతటదే వచ్చేసింది.  తన నోట రాబోయే ఒక్క ముక్కతో కింద ఆ మిషను, ఆ బల్ల, పిల్ల పుస్తకాలు లారీకెక్కుతాయి. అది తెలిసీ అనగలదా? అనకపోతే, ఆ తర్వాత ఈ ఇంట్లో ఎలా ఉండగలదు?

ఆఫీసునుంచి వచ్చింది ఒక నడివయసు ఆవిడ, భుజానికి సంచీతో. వస్తూనే గోడకు అరచెయ్యి ఆనించింది, ఆనించిన చెయ్యి చూసుకుంది, రుమాలుతో తుడుచుకుంది. ఇంటాయన మేకు కథ మొదలుపెట్టి, తను ఎండలో నిలబడి పైపులు వేయించిన ఘనత కూడా అందులో కలిపి, చాలాసేపు చెప్పాడు.

"గోడ తెరవందే మేకు తగిలిందో లేదో చెప్పలేనండి," అంది ఆఫీసావిడ. "చెమ్మ ఎప్పటినుంచి ఉందో తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?"

"మా ఆవిడుంది, అడగండి," అన్నాడు ఇంటాయన ధీమాగా.

అందరూ ఇటు తిరిగారు. టైలరమ్మ కూడా చూసింది. ఆ చూపులో వేడుకోలు లేదు, నిష్ఠూరమూ లేదు. మిషను ముందున్న స్టూలు జరిపి, "నిలబడే ఉన్నారు, కూర్చోండి పిన్నిగారూ," అంది. తన కొంప ముంచగల మనిషికి కూర్చోమని స్టూలు వేసిన ఆ పిల్లను చూస్తే, ఇంటావిడకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

"మేకు కొట్టకముందే ఉందండి," అంది.  "ఈ అమ్మాయి రాకముందే ఉంది. మావారే సున్నం పూశారు. పైకొస్తే ఇంకోటి చూపిస్తాను."

పైవాటా వంటింట్లో సింకు కింద తలుపు తెరిచింది. బకెట్టు సగం నిండి ఉంది. పైనుంచి వచ్చిన పైపు కీలు దగ్గర చెమర్చి, గోడలోకి దూరి కిందికి దిగుతోంది. ఆఫీసావిడ వంగి చూసింది.

"ఎన్నాళ్లనుంచి కారుతోందమ్మా?"

"నేను ఈ ఇంట్లో వంట మొదలుపెట్టినప్పటినుంచీ."

"బాగు చేయించమని ఎప్పుడూ అడగలేదా?"

"అడగొచ్చని తెలీదండి."

 బకెట్టులో ఒక చుక్క పడింది. ఇంటాయన గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు, తేలు కుట్టిన దొంగలా. ఆఫీసావిడ కలం తీసి, మళ్లీ ఆగింది.

"మీరు ఓనరుగారి భార్య కదమ్మా. ఇది నేను రాయడానికి లేదు. అద్దెకున్నవాళ్ల ఫిర్యాదు మాత్రమే రాయగలను."

"అయితే నా ఫిర్యాదే రాయండి," అంది టైలరమ్మ వెనకనుంచి. "ఇక్కడ కారితేనే కదండీ కింద తడిసేది. రెండూ ఒకటే పైపు. పైన బాగు చేయందే కింద బాగైనట్టు కాదని రాయండి. పిన్నిగారి సింకు కూడా కలిపి."

ఆఫీసావిడ ముసిముసిగా నవ్వి, అలాగే రాసింది. గడువుపెట్టి కాగితం ఇంటాయన చేతికిచ్చి, వెళ్లొస్తానని వెళ్లిపోయింది. ఇంటాయన కాగితంతో హాల్లోకి వెళ్లి కూలబడ్డాడు.

ఇంటావిడ మెట్లదాకా వచ్చి టైలరమ్మ చెయ్యి పట్టుకుంది. "నీకు భయమన్నదే లేదుటే అమ్మా?"

"ఎందుకు లేదండీ! మొదటిరోజు ఆ ఆఫీసు గుమ్మందాకా వెళ్లి, కాళ్లు వణికి తిరిగొచ్చేశాను. ఇంటికొచ్చి ఏడ్చాను. మర్నాడు పిల్లని బడిలో దింపి మళ్లీ వెళ్లాను, అంతే." కాస్త ఆగి, పైకి చూసి గొంతు తగ్గించింది. "ఆయన ఏమన్నా అంటే ఒక్క కేకెయ్యండి. మిషను ఆపి వస్తాను."

ఇంటావిడ ఇన్నాళ్లూ ఆ పిల్లకు భయం తెలియదనే మెచ్చుకుంటూ వచ్చింది. భయపడి కూడా వెళ్లిందని తెలిశాక ఆ మెప్పు ఇంకా పెరిగింది. పెరగడమే కాదు, కాస్త దగ్గరికి కూడా వచ్చింది. భయం సంగతైతే తనకీ బాగా తెలుసు.

లోపలికి వెళ్లింది. ఇంటాయన తలెత్తకుండా, "పదిమందిలో నా పరువు తీశావు," అన్నాడు.

ఆవిడ కాళ్లు వణికాయి. కుర్చీ వీపు పట్టుకుంది.

"ప్లంబరుకి ఫోన్ మీరు చేస్తారా, నన్ను చేయమంటారా?" అని అడిగింది.

ఆయన తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాడు. తర్వాత ఫోన్ అందుకున్నాడు.