నీసు మానేసిన మొగుడు

పోలరాజు చేప లేనిదే ముద్ద మింగని మనిషి. అలాంటివాడు నాలుగైదు రోజులుగా పప్పూ చారూ చాలంటున్నాడు. గడ్డం గీయడు. తలకు నూనె రాయడు. అడిగితే ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేసు దగ్గర డ్యూటీ ఎక్కువగా ఉందంటాడు.

చిలకమ్మ అంత వెర్రిదేం కాదు. గడ్డం సినిమావాళ్ళ స్టైలు. నూనె లేని జుట్టూ అంతే. ఇక నీసు మానడమంటే, నోరు వాసన రాకూడదనే కదా! ఎవతె కోసం? బెంగాలీదైతే అదే చేపలు వండిపెట్టేది. కాబట్టి నీసు ముట్టని ఏ మార్వాడీదో అయ్యుంటుందని కూర్చున్నచోటే తేల్చేసింది.

ఆ ఆదివారం పక్కింటి దాలమ్మ అమ్మోరికి పూజ పెట్టుకుంది. ఘటం ఎత్తాల్సింది చిలకమ్మే. పసుపు చీర కూడా తీసి పెట్టుకుంది. మధ్యాహ్నం పోలరాజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పదే, నది ఒడ్డున కొత్త టవరు కట్టినారంట, సూసొద్దాం. రాత్రికి సాక్చి బజార్లో ఓటల్లో తిందాం."

పెళ్ళయి ఇన్నేళ్ళలో సినిమాకైనా తీసుకెళ్ళని మొగుడు!

"మరి ఘటమో? దాలమ్మ ఏటనుకుంటాది?"

"ఇంకెవులైనా ఎత్తుతార్లే. నాను ముందే సెప్పేసినాను."

ముందే చెప్పేశాడట! చిలకమ్మ ఒళ్ళు మండింది. వీధి కుళాయి దగ్గర దాలమ్మ ఎదురైంది. ఎందుకు రావడం లేదని ఒక్క మాట అడగలేదు సరికదా, జాలిగా చూసి తల దించుకుంది. అంటే క్వార్టర్ల లైను మొత్తానికి తెలిసిపోయింది, తెలియంది తనకే. రిక్షాలో కూర్చున్నంతసేపూ ఆమె మొగుడివైపు చూడలేదు.

టవరు మెట్లు ఎక్కి పైకి వెళ్ళేసరికి ఊరంతా కింద పరుచుకుని ఉంది. పొగగొట్టాలు, సువర్ణరేఖ నది, ఆవలి గట్టున దల్మా కొండలు. జనం పిల్లల్ని ఎత్తుకుని చూపిస్తున్నారు. పోలరాజు మాత్రం ఆ కొండలకు వీపు పెట్టి, స్టేషను వైపే చూస్తూ నిలబడ్డాడు. చిలకమ్మ కూడా అటే చూసింది. ఏ ఇల్లో, ఏ మేడో! ఇక్కడికి తీసుకొచ్చి కూడా దాని గుమ్మమే చూస్తున్నాడా?

"ఏటి సూత్తన్నావు?"

"బండి." దూరంగా ఒక రైలు కదులుతోంది. "ఆ పట్టాలెంట ఎల్తే మన ఊరే కదేటి."

"ఊరి మాట ఎత్తకు. ఒట్టు గుర్తుందా?"

అతను మళ్ళీ రైలు వైపు తిరిగాడు. రెండేళ్ళ కిందట ఊళ్ళో, పండగ భోజనాల దగ్గర, పోలరాజు అన్న జగ్గారావు పదిమందిలో చిలకమ్మను చూపించి అన్నాడు, ఇది మన ఇంటి మనిషి కాదని. చిలకమ్మ ఆ పూటే బండెక్కింది. ఇంటికి రాగానే మొగుడి చెయ్యి తన నెత్తిన పెట్టించుకుంది. మీ అన్న మాట నీ నోట వస్తే నేను చచ్చినంత ఒట్టు అంది. అన్న తప్ప నా అన్నవాళ్ళు లేని పోలరాజు ఆ ఒట్టును ఇన్నాళ్ళూ కాపాడుకుంటూ వచ్చాడు.

సాక్చిలో దిగగానే ఆమె చేపల పులుసు అమ్మే హోటలు వైపు నడిచింది. పోలరాజు చెయ్యి పట్టి ఆపి, మార్వాడీ భోజనశాలలోకి తీసుకెళ్ళాడు. చిలకమ్మ లోపలంతా కలయచూసింది. గల్లా దగ్గర ముసలి సేఠు ఉన్నాడు, ఆడపురుగన్నది లేదు. అయినా అనుమానం చావలేదు.

రొట్టెలూ పప్పూ వచ్చాయి. అప్పుడే సేఠు దేవుడి పటానికి హారతిచ్చి, పళ్ళెం బల్లల మధ్య తిప్పించాడు. పళ్ళెం దగ్గరికి రాగానే పోలరాజు చేతులు వెనక్కి తీసుకున్నాడు. చిలకమ్మ కళ్ళకద్దుకోబోతే ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దు" అన్నాడు.

చిలకమ్మ ఆ చేతిని చూసింది. మాసిన గడ్డం చూసింది. హారతి వద్దనేది మైల ఉన్నవాళ్ళే. తనకూ వద్దంటే ఆ మైల తన పుట్టింటిది కాదు, అత్తింటిది. నీసు, నూనె, ఘటం, దాలమ్మ జాలి చూపు, ఒక్కొక్కటే వచ్చి గుండెల మీద పడ్డాయి. అత్తింట్లో మిగిలింది ఒక్క మనిషే.

"బావగారా?" అంది.

పోలరాజు భయంగా ఆమె నెత్తివైపు చూశాడు. ఇంకా ఆ ఒట్టే! తను ఎక్కడ చచ్చిపోతుందోనని, అన్న పోయిన దుఃఖాన్ని నోట్లోనే పెట్టుకుని తిరుగుతున్నాడు. చిలకమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది. అతని చెయ్యి తీసి, అంతమందిలో, తన నెత్తిన పెట్టుకుంది.

"ఒట్టు తీసేసినాను. సెప్పు మావా."

"అన్న ఎలిపోనాడే" అన్నాడు పోలరాజు. పక్కనున్న గమ్హరియాలో పనిచేసే ఊరివాడొకడు ఫ్యాక్టరీ గేటు దగ్గర చెప్పాడట, అప్పటికే ఊరివాళ్ళు దహనం కూడా చేసేశారట. చెబుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"పెద్దదినం ఎప్పుడు?"

"లచ్చివారం."

"ఇద్దరం ఎల్దాం." రొట్టెల పళ్ళెం అతని ముందుకు జరిపి అడిగింది. "నాను ఆ ఇంటి మనిసినే కానన్నారు కదా. నా సేత మైలెందుకు పట్టించినావు?"

పోలరాజుకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ అన్నాడు.

"ఆ ఇంట్లో ఇంకెవులున్నారే, నువ్వూ నానే కదా."

చిలకమ్మ ఏడుపు గల్లా దాకా వినబడింది. సేఠు వంటవాణ్ణి కేకేసి, పప్పులో కారం ఎక్కువైందా అని అడిగాడు.