జిగురు ఆరేదాకా పాట

సున్వా తీగముక్కను కిటికీ వెలుతురులోకి ఎత్తి చూసి, గరుకు కాగితంతో మరోసారి రుద్దింది. గుండుసూది కన్నా కాస్త లావు తీగ. దానికి చిన్న కుంచెతో జిగురు పూసి, వేళ్ళ మధ్య నిలబెట్టి, సన్నగా పాట ఎత్తుకుంది. గొర్రెలు కాసిన రాజకూతురి పాట. అందులో రాజకూతురు పడవెక్కేసరికి జిగురు ఆరుతుంది.

"మొదలైంది కచేరీ," అన్నాడు పళ్ళ డాక్టర్ హెన్నింగ్, తొడుగులు వేసుకుంటూ. "గోడకు గడియారం ఎందుకు పెట్టానో!"

"నీ గడియారానికి చెమ్మ సంగతి తెలుసా? ఇంత మంచు పట్టిన రోజున ఇంకో చరణం పాడాల్సిందే."

సున్వా పొట్టి మనిషి, వెడల్పాటి చేతులు. ఎడమ బొటనవేలి మీద పాత కత్తిగాటు, రేవులో చేపలు కోసిన పడుచునాటిది. ఈ ఆసుపత్రికి గదులు తుడవడానికి వచ్చి, హెన్నింగ్ పక్కన నిలబడి జుట్టు నెరిపించుకుంది. ఉత్తరపు దీవుల్లోని ఆ చిన్న ఊరు, క్లాక్స్‌విక్ వీధుల్లో ఎవరు నవ్వినా ఆమెకు మనిషి కన్నా పన్నే ముందు గుర్తొచ్చేది. 'దాని అచ్చుకు తీగ నాదే' అనుకుని పొంగిపోయేది. పైకి మాత్రం అనేది కాదు. అనకపోవడం కూడా ఆమె గర్వంలో భాగమే.

కుర్చీలో ట్రోండ్ ఉన్నాడు. ఊరి పండుగలో అందరూ చేతులు కలిపి గొలుసుగా ఆడుతుంటే పాట ఎత్తేవాడు అతనే. ఎండు గొర్రెమాంసం ఎముక కొరికి ముందుపన్ను విరగ్గొట్టుకున్నాడు. మిగిలింది వేరు ఒక్కటే. తీగకు పట్టే రబ్బరు ముద్దతో ఆ వేరు బోలుకు అచ్చు తీసి, ఆ అచ్చును బట్టి లోపలికి దిగే లోహపు పుల్ల చేయించి, దాని తల మీద కొత్త పన్ను తొడగాలి.

"దీని గోడలు మరీ పలచగా ఉన్నాయి," అన్నాడు హెన్నింగ్. "రబ్బరు తెగి లోపల ఇరుక్కుందంటే తవ్వలేను. పీకెయ్యడమే."

"పీకితే నేను పాడేదెట్లా? 'స' వచ్చినచోటల్లా ఈల వేస్తా!" అన్నాడు ట్రోండ్.

"నోరు తెరువు," అంది సున్వా. "బళ్ళో మూయమంటే మూశావు కాదు. ఇప్పుడు తెరవమంటే బిగబట్టుకుంటావేం?"

జిగురు పచ్చిగా ఉంటే తీగ ఒక్కటే బోడిగా ఊడొస్తుంది, రబ్బరు వేరులోనే ఉండిపోతుంది. చాలా ఏళ్ళ కిందట తొందరపడి అలాగే ఒక జాలరి పన్ను పోగొట్టారు. ఆనాటి నుంచే ఈ పాట.

రాజకూతురు పడవెక్కింది. ఇంకో చరణం కూడా అయ్యాకే సున్వా తీగ అందించింది. హెన్నింగ్ పలచటి నీలం రబ్బరు ముద్దను వేరులోకి తిప్పి దించి, తీగ గుచ్చాడు. ఆమె గట్టి ముద్ద నింపిన, దవడకు పట్టే పళ్ళెం అతని చేతిలో పెట్టింది. దాన్ని పళ్ళ వరస మీద నొక్కిపట్టి, ముద్ద గట్టిపడ్డాక, వంకర పోనీకుండా ఒక్క గుంజు గుంజాడు.

నీలం అచ్చు మీద సన్నటి తోక, చివరిదాకా నున్నగా, ఎక్కడా తెగకుండా వచ్చింది. సున్వా దాన్ని వెలుతురుకు పెట్టి, కన్నబిడ్డను చూసుకున్నట్టు చూసుకుంది.

"బాగానే ఉంది," అంది. ఆమె నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఎవరూ వినలేదు.

ఆ సాయంత్రం చేపల పులుసు వేడిచేసుకుని తిని, అల్లిక పట్టుకుని కుర్చీలో కూర్చుంది. పొద్దున పొరుగావిడ కాఫీకి పిలవడానికి వచ్చేసరికి అల్లిక ఒళ్ళోనే ఉంది. మనిషిలో ప్రాణం లేదు.

అచ్చు పంపిన పనిశాల నుంచి లోహపు పుల్ల, తొడగాల్సిన పన్ను, ఆ అచ్చుతో సహా పండుగకు ముందే తయారై వచ్చాయి. హెన్నింగ్ ఒంటరిగా పుల్లను వేరులోకి దించాడు. ఎక్కడా అరగదీయాల్సిన పని లేకుండా, ఇల్లు చేరుకున్నట్టు దిగింది. గర్వంతో అలవాటుగా పక్కకు తిరిగాడు. అక్కడ ఎవరూ లేరు. తల తిప్పుకుని, పన్ను తొడిగి అతికించాడు.

"పాడి చూడు," అన్నాడు చివరికి.

"ఏం పాడను?"

"గొర్రెలు కాసిన రాజకూతురి పాట. పడవెక్కేదాకా చాలు."

ట్రోండ్ గొంతెత్తాడు. ఒక్కచోట కూడా ఈల రాలేదు. పడవెక్కినా అతను ఆపలేదు, సముద్రం దాటించి పాటంతా పాడాడు. ఆ గదిలో ఆ పాట ఒడ్డుకు చేరడం అదే మొదటిసారి. హెన్నింగ్ కళ్ళు తుడుచుకోకుండా చివరిదాకా విన్నాడు.

కిటికీ గట్టు మీద, సున్వా జిగురు సీసా పక్కన, ఆ నీలం అచ్చు అలాగే ఉంది, సన్నటి తోక పైకెత్తుకుని.